చంపకమాలలో అరవై నాలుగు బిట్లు

విద్యానగర్‌లో అద్దె గదిలో ఉంటూ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో 18446744073709551615 నాకు ప్రోగ్రామింగ్ పాఠంగానే పరిచయం. అరవై నాలుగు బిట్లలో, రుణ గుర్తు లేకుండా పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య అది. ఇంకో ఒకటి కలిపితే గిర్రున తిరిగి సున్నా దగ్గరికొస్తుంది. ఇదే సంఖ్య ఒక తెలుగు పద్యంలో ఉందని చాలా ఏళ్ల తర్వాత తార్నాకలో ఒక స్నేహితుడు చెప్తే నమ్మలేదు. కూర్చుని అంకె అంకె సరిచూసుకున్నాను.

ఆ పద్యం పావులూరి మల్లనదిగా ప్రసిద్ధం. నన్నయ సమకాలికుడిగా చెప్పే మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత ‘గణితసారసంగ్రహా’న్ని తెలుగు చేశాడు. చదరంగం మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లలో మొత్తం ఎంత? సుమారు 1000లో అల్ బిరూనీ కూడా ఈ లెక్క రాశాడు. మల్లన జవాబుని చంపకమాలలో పెట్టాడు.

అంకెలన్నీ మాటలే. శర అంటే మన్మథుడి బాణాలు, ఐదు. శశి ఒకటి. వియత్తు, అంటే ఆకాశం, సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకి రాసుకుంటూ పోవాలి.

నేను చదివిన సాహిత్య చరిత్రల్లో మల్లనకి దక్కేది ఒక పేరా. శాస్త్రాన్ని ఛందస్సులో కూర్చాడు, కవిత్వం వెతక్కండి అన్నట్టు. కానీ ఇక్కడ ఛందస్సు చేసే పని చూడండి. లేఖకుడు పొరపాటున మొదటి ‘శర’ని ‘కర’ అని రాశాడనుకుందాం. కరాలు రెండు కాబట్టి ఐదు రెండైపోతుంది. గణం చెడదు, ప్రాస కూడా చెడదు. యతి మాత్రం చెడుతుంది. పదకొండో అక్షరం ‘సా’, దానికి శకారం కుదురుతుంది, కకారం కుదరదు. యతి అన్ని అంకెలకీ కాపలా కాయదు నిజమే. కానీ ఉత్త అంకెల వరుసకి ఆ ఒక్క కాపలా కూడా లేదు.

లెక్కా సాక్ష్యమిస్తుంది. మొదటి గడి తప్ప మిగతావన్నీ సరిసంఖ్యలు కాబట్టి మొత్తం బేసి కావాలి, చివర రెండు రాకూడదు. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6గా తిరుగుతాయి. అరవై నాలుగో ఘాతం చివర 6, అందులోంచి ఒకటి తీస్తే 5.

ఈ సంఖ్యని విడగొడితే 3, 5, 17, 257, 65537, 4294967297 వస్తాయి. ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని పదిహేడో శతాబ్దంలో ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ చివరిదాన్ని 641 భాగిస్తుందని చూపించాడు. మల్లనకి ఇవేవీ తెలిసి ఉండక్కర్లేదు. ఆయన పూచీ ఒక్కటే, ఇరవై అంకెల్లో ఒక్కటీ జారిపోకూడదు.

డేటా పంపేటప్పుడు తప్పు పట్టడానికి మేం అదనంగా కొన్ని బిట్లు చేరుస్తాం. వాటిని అలంకారం అని ఎవరూ అనరు. మరి యతిని ఎందుకంటున్నాం?