‘ఓకే’ పుట్టుక

1839 మార్చి 23న అమెరికాలోని ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ రెండో పేజీలో, సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్ మరో ఊరి పత్రిక మీద చిన్న విసురు విసిరాడు. ఆ వ్యాఖ్యలో ‘ఓ.కె.’ అని రాసి, ‘ఆల్ కరెక్ట్’ (అంతా సరిగ్గా ఉంది) అనే అర్థాన్ని పక్కనే ఇచ్చాడు. పాఠకులకు అది ఇంకా కొత్త అన్నమాట. ఆ మాట అచ్చులో కనిపించిన తొలి సందర్భంగా పండితులు అంగీకరిస్తున్నది దీన్నే.

‘ఆల్ కరెక్ట్’కు పొడి అక్షరాలు ‘ఎ.సి.’ కావాలి కదా? అప్పట్లో బోస్టన్ పత్రికల్లో మాటల్ని కావాలనే తప్పు స్పెల్లింగుతో రాసి, ఆ తప్పు రూపాన్నే పొడి అక్షరాలుగా కుదించే సరదా ఒకటి నడిచింది. అలా ‘ఆల్ కరెక్ట్’ కాస్తా ‘ఓల్ కొరెక్ట్’ అయి, ‘ఓ.కె.’గా మిగిలింది. ‘ఆల్ రైట్’కు ‘ఓ.డబ్ల్యు.’ వచ్చిందీ ఈ దారినే. ఆ సరదాతో పాటే తక్కినవన్నీ కనుమరుగయ్యాయి.

‘ఓకే’ను నిలబెట్టింది 1840 అధ్యక్ష ఎన్నిక. మళ్లీ పోటీ చేసిన అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ స్వగ్రామం న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అన్న ముద్దుపేరు మీద ఆయన అనుచరులు ‘ఓ.కె. క్లబ్’ పెట్టారు. ప్రత్యర్థులు ఊరుకోలేదు. ఆయన పార్టీకే చెందిన మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ స్పెల్లింగు రాక కాగితాల మీద ‘ఆల్ కరెక్ట్’కు ‘ఓ.కె.’ అని రాసేవాడని ప్రచారం చేశారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు, మాట మాత్రం దేశమంతా పాకింది. తర్వాత టెలిగ్రాఫ్ ఆపరేటర్లు సందేశం సరిగా అందిందని తెలిపేందుకు దాన్నే వాడుకున్నారు.

పుట్టుక మరుగున పడటంతో కథలు పుట్టుకొచ్చాయి. చోక్తా ఆదివాసుల భాష నుంచి వచ్చిందని కొందరు, గ్రీకు నుంచి అని కొందరు, పశ్చిమ ఆఫ్రికా భాషల నుంచి అని ఇంకొందరు వాదించారు. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ చోక్తా వాదాన్నే నమ్మి ‘ఓకే’ స్పెల్లింగును అందుకు తగ్గట్టు మార్చి రాసేవాడు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలెన్ వాకర్ రీడ్ పాత పత్రికల్ని ఓపికగా గాలించి, 1963–64లో ‘అమెరికన్ స్పీచ్’ పత్రికలో రాసిన వరుస వ్యాసాలతో బోస్టన్ మూలాన్ని స్థిరపరిచాడు.

షూటింగులో ‘షాట్ ఓకే’ అన్నా, ఇంట్లో ‘ఓకేనా?’ అన్నా మనం పలుకుతున్నది ఆ మాటే. పద చరిత్రలో తీర్పు చెప్పవలసింది తేదీ ఉన్న అచ్చు కాగితమే. తెలుగు మాటల చరిత్ర రాయబూనేవారు కూడా ముందు పాత పత్రికల సంచికలు తిరగెయ్యాలి. వాటిని శిథిలం కానివ్వకుండా కాపాడుకోవడం మన బాధ్యత.