విరూపాక్షి కొండ అరటి: నీడలో పెరిగిన పంట, నీడనిచ్చిన పాళెము

పళని సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించి వచ్చినవారి ఇంట పంచామృతపు డబ్బా ఒకటి ఉండక తప్పదు. ఆ ప్రసాదమును నాలుకకు తాకించిన ప్రతివారును దాని తీపిని మెచ్చుకొందురు. కాని దానికి ప్రాణమైన అరటిపండు ఏ కొండపై, ఏ చెట్టు నీడలో పండినదో, దానికి ఏ యూరి పేరు అంటియున్నదో విచారించువారు కొలదిమంది. ఆ పండు పేరు విరూపాక్షి. ఆ పేరుగల ఊరు ఒకనాడు తెలుగు పాళెగాండ్రకు స్థానము. దక్షిణదేశమున తరతరములుగా నిలిచిన మన కుటుంబములవారు ఈ కథను తెలిసికొనదగునని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

దిండుగల్లు జిల్లాలో ఒట్టన్‌సత్రము నుండి పళనికి పోవు మార్గమున, కొండల పాదమున విరూపాక్షి యున్నది. తమిళులు విరుప్పాచ్చి యందురు. మన చెవికి ఆ మాట వినబడగనే హంపీ విరూపాక్షస్వామి స్ఫురించును. ఊరికి ఎగువన పళని కొండల దిగువ శ్రేణి కలదు. తాండిక్కుడి, పండ్రిమలై, ఆడలూరు, పాచ్చలూరు మొదలగు గ్రామములు ఆ శ్రేణిలోనివే. దిండుగల్లుకు సమీపముననున్న సిరుమలై కొండలును ఈ జాతి అరటికి ప్రసిద్ధములు.

విజయనగర ప్రభువుల ప్రతినిధిగా విశ్వనాథనాయకుడు 1529లో మధురను చేపట్టిన పిమ్మట, దేశమును 72 పాళెములుగా విభజించి పాళెగాండ్రకు అప్పగించిన సంగతి చదువరులకు తెలిసినదే. ఆ పాళెగాండ్రలో పలువురు రాజకంబళ నాయకులు. నేటికిని వారి ఇండ్లలో తెలుగు మాట వినబడును. విరూపాక్షి పాళెము అట్టివారిదే. కొండదారులను కాచుట, బాటసారులను రక్షించుట, పిలుపు వచ్చినపుడు సైన్యముతో కదలుట పాళెగాండ్ర విధులు.

1772లో కాళైయార్ కోవిల్ యుద్ధమున శివగంగ ప్రభువు ముత్తు వడుగనాథ దేవరు మరణింపగా, ఆయన రాణి వేలు నాచ్చియారు శత్రువుల చేత చిక్కక తప్పించుకొనెను. అప్పుడామెకు ఆశ్రయమిచ్చినవాడు విరూపాక్షి పాళెగాడు గోపాలనాయకుడు. సుమారు ఎనిమిదేండ్లు ఆమె ఈ ప్రాంతమున తలదాచుకొని, హైదరలీ సహాయమును సంపాదించి, 1780లో తన రాజ్యమును తిరిగి గెలుచుకొనెను. తమిళ రాణికి తెలుగు పాళెగాడు నీడనిచ్చెను. నీవెవరు, నీ భాష యేది అని అడిగి యిచ్చిన నీడ కాదది. తరువాత 1792 సంధిచే దిండుగల్లు సీమ ఆంగ్లేయుల వశమయ్యెను. గోపాలనాయకుడు పరిసర పాళెగాండ్రను కూడగట్టి వారిపై తిరుగుబాటు చేసి, 1801లో పట్టుబడి ఉరిదీయబడెను.

ఈ అరటిని నాయకులే తెచ్చి నాటిరని చెప్పుట నా యుద్దేశము కాదు. కొండమీద సాగుచేసినవారిలో అనేక కులములవారు, అనేక భాషలవారు కలరు. పాళెము పోయినది, పాళెగాడు పోయెను. ఊరి పేరు మాత్రము పండునకు అంటి మిగిలినది. రాతిమీది శాసనముకంటె నోటిలోని పండు పేరును నిత్యము గుర్తుచేయును కదా.

ఇక సేద్యపు సంగతి. మైదానములలో అరటికి ఎండయు కాలువనీరును సమృద్ధిగా కావలెను. కొండమీద కాలువ లేదు. వర్షమే ఆధారము. కావున అచ్చటివారు అరటిని చెట్ల నీడలో పెంచుట నేర్చిరి. వాలు నేలపై అడ్డముగా రాతికట్టలు కట్టి, చైత్ర వైశాఖములలో గోతులు త్రవ్వి, మైదానపు తోటలకంటె ఎడముగా, సుమారు 12 అడుగుల కొక పిలక చొప్పున నాటుదురు. పైన పనస, జువ్వి, సిల్వర్ ఓక్, తమిళులు కల్యాణమురుంగై అని పిలుచు బాడిద మొదలగు వృక్షములు నిలిచియుండును. వాని మ్రాకులకు మిరియపు తీగ ప్రాకును. క్రింద కాఫీ మొక్కలు. నడుమ అరటి.

ఈ నీడ చేయు మేలు నాలుగు విధములు. వేసవిలో నేల తడి త్వరగా ఆరదు. రాలిన ఆకులు క్రుళ్లి ఎరువగును. గాలివాన నేరుగా తాకకుండుటచే ఆకులు చీలవు, వేళ్లు పైపైననే యుండు అరటి కూలదు. ఆకుమచ్చ తెగులును నీడలో తక్కువ. కీడును లేకపోలేదు. నీడ మితిమీరినచో చెట్టు వెలుతురు కొరకు పొడవుగా సాగి, గెల ఆలస్యముగా వేసి, బరువు తగ్గును. అందుచే వానల ఆరంభమున కొమ్మలను నరికి వెలుతురును క్రిందికి దింపుదురు. ఎంత నీడ ఉంచవలెను, ఎంత తీయవలెను అనునదే ఈ సేద్యమున అసలైన విద్య. పుస్తకముచే వచ్చునది కాదు, చూచి నేర్వవలసినది.

మఱియొక విశేషము. క్రొత్తగా కాఫీ నాటిన తోటలో లేతమొక్కలకు అరటియే నీడ. అవి ఎదిగి పెద్ద వృక్షములు కమ్ముకొనువరకు అరటి వానిని కాపాడును. తరువాత తానే ఆ వృక్షముల నీడకు చేరును. మొదట నీడనిచ్చినది పిమ్మట నీడను పొందును. ఒకే దుబ్బు పిలకమీద పిలకగా అనేక సంవత్సరములు ఆ తావుననే నిలుచును. తల్లి బోదె గెలవేసి పోవును, ప్రక్కన పిల్ల నిలుచును.

ఇట్లు పండిన కాయ చిన్నది, కొంచెము వంకరయైనది. తోలు దళసరి. గుజ్జులో నీరు తక్కువ, తీపిలో ఇంచుక పులుపు, మంచి పరిమళము. పండు చెడక చాలదినములు నిలుచును. పంచామృతములో చుక్క నీరు వేయరు. అరటిపండు, బెల్లము, ఆవునెయ్యి, తేనె, ఏలకులు, ఖర్జూరము, కలకండ మాత్రమే. నీరెక్కువగల పండైనచో ఆ ప్రసాదము నిలువయుండదు. స్వామి ప్రసాదమునకు విరూపాక్షి తగినదగుటకు కారణమిదే.

ఇంతటి పంటకు కష్టకాలము వచ్చెను. ఆకులు చిన్నవై, నిట్టనిలువుగా, మొవ్వున గుత్తిగా చేరి, గెల వేయకుండ చేయు బంచీటాప్ తెగులు కొండలపై వ్యాపించెను. దీనిని మోయునది పేనుబంక. దూరములకు చేర్చునది మనిషి చేతిలోని పిలక. 1970 ప్రాంతమున సుమారు 18,000 హెక్టార్లుగా చెప్పబడిన దిగువ పళని కొండల అరటి క్రమముగా 2,000 హెక్టార్లకు క్షీణించెను.

ఆ దినములలో నేను బడికి పోవు బాలుడను. మా మేనమామగారికి ఆ కొండలలో చిన్న తోట యుండెను. పొరుగు తోటవారు పిలకలు కావలెనని అడుగగా, ఆయన ఆచారము చొప్పున వెల పుచ్చుకొనక ఇరువది పిలకలు ఇచ్చెను. అప్పటికి దుబ్బులు పచ్చగానే యుండెను. మఱుసటి యేడు రెండు తోటలును గుత్తి కట్టినవి. ఆ పొరుగువారు మామయ్యను ఒక్క మాటయు అనలేదు. అయినను ఆయన, "ఇచ్చిన చేయి మంచిదేరా, ఇచ్చిన పిలకయే మంచిది కాదు" అని చాలకాలము వగచెను. చివరకు ఆ దుబ్బులనన్నిటిని త్రవ్వించి కాల్పించెను. ఆ నాటి పొగ వాసన నాకిప్పటికిని జ్ఞాపకమే.

పంట నశించలేదు. తడియన్‌కుడిసైలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి ఉద్యాన పరిశోధన కేంద్రము కలదు. ఆ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు తెగులు లేని కణజాల మొక్కలను పెంచి రైతులకు అందించిరి. తెగులు సోకిన దుబ్బును వెంటనే పెకలించుట, పరీక్షించిన మొక్కనే నాటుట, నీడచెట్లను నరుకకుండుట అను మూడింటిని పాటించిన తోటలు తిరిగి లేచినవి. 2008-09లో విరూపాక్షి, సిరుమలై కొండ అరటులు రెండును భౌగోళిక గుర్తింపును పొందెను. 2019లో పళని పంచామృతమునకును ఆ గౌరవము లభించెను.

మనమును పరదేశమున నాటబడిన పిలకల వంటివారము. ఇచ్చటి వృక్షముల నీడలో నిలిచితిమి. సమయము వచ్చినపుడు మనవారును నీడనిచ్చిరి. ఈ రెండింటిని మన పిల్లలకు చెప్పవలెను. నీడ పొందినదే చెప్పినచో వారికి చిన్నతనము కలుగును. నీడ ఇచ్చినదే చెప్పినచో గర్వము కలుగును. మన తెలుగును వారి చేతికిచ్చునపుడు మామయ్య మాటను తలచుకొందము; ప్రేమతో ఇచ్చుట మాత్రము చాలదు, ఆరోగ్యముగనున్న పిలకను చూచి ఇయ్యవలెను. ఇంట పలుకుబడి, ఒక పుస్తకము, ఒక చరిత్ర కలిసినదే అట్టి పిలక.

ఈసారి పళనికి పోయినపుడు దారిలో విరూపాక్షి వద్ద ఒక్క నిమిషము ఆగుడు. కొండ అరటి దొరకినచో ఒక హస్తము కొని, పిల్లలచేత ఆ పేరును పలికింపుడు.