అమెరికా ప్రభుత్వ కళాశాలలలో వాక్స్వాతంత్ర్య చట్టాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ప్రభుత్వ కళాశాలలు, విశ్వవిద్యాలయాల ప్రాంగణాలలో విద్యార్థుల భావప్రకటనా స్వేచ్ఛను కాపాడడానికి పలు రాష్ట్రాల శాసనసభలు ప్రత్యేక చట్టాలు చేశాయి. ఈ హక్కుకు మూలం దేశ రాజ్యాంగమే. అయితే హక్కుకు భంగం కలిగిందని దావా వేస్తే, తీర్పు వచ్చేసరికి విద్యార్థి చదువే ముగిసిపోవచ్చు. కనుక కళాశాలలు పాటించవలసిన నియమాలను ముందుగానే స్పష్టపరచడం ఈ చట్టాల ముఖ్యోద్దేశం.

రాజ్యాంగ ఆధారం

1791లో అమలులోకి వచ్చిన మొదటి సవరణ ప్రకారం వాక్స్వాతంత్ర్యాన్ని హరించే చట్టాన్ని అమెరికా కాంగ్రెస్ చేయరాదు. 1868 నాటి 14వ సవరణ ఆధారంగా 20వ శతాబ్దంలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు కూడా వర్తింపజేసింది. ప్రభుత్వ కళాశాల రాష్ట్ర ప్రభుత్వంలో భాగం కనుక అది కూడా దీనికి బద్ధురాలు. ప్రైవేటు కళాశాలలకు ఇది వర్తించదు. కాలిఫోర్నియాలో మాత్రం 1992 నాటి లియోనార్డ్ చట్టం, మతసంస్థలు నడిపే కొన్నింటిని మినహాయించి, ప్రైవేటు కళాశాలలకు కూడా ఇటువంటి నియమం విధించింది.

చరిత్ర, ముఖ్యమైన తీర్పులు

1964లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో రాజకీయ ప్రచారంపై విధించిన ఆంక్షలను విద్యార్థులు ప్రతిఘటించారు. స్వేచ్ఛా వాక్కు ఉద్యమంగా పేరుపొందిన ఈ ఆందోళనలో సుమారు 800 మంది అరెస్టయ్యారు. తరువాతి కాలంలో వెలువడిన ప్రధానమైన తీర్పులు ఇవి:

* హీలీ వర్సెస్ జేమ్స్ (1972): అభిప్రాయాలు నచ్చలేదన్న కారణంతో విద్యార్థి సంఘానికి గుర్తింపు నిరాకరించరాదు.
* పాపిష్ వర్సెస్ మిస్సోరి విశ్వవిద్యాలయ పాలకమండలి (1973): భావాలు అసభ్యంగా ఉన్నాయన్నంత మాత్రాన వాటి ప్రచారాన్ని అణచివేయరాదు.
* డో వర్సెస్ మిషిగన్ విశ్వవిద్యాలయం (1989): అస్పష్టమైన, అతివిస్తృతమైన ప్రసంగ నియమావళి చెల్లదని ఫెడరల్ జిల్లా న్యాయస్థానం తీర్పు చెప్పింది.

రాష్ట్రాల చట్టాలు

అనేక కళాశాలలు ప్రసంగాలను, కరపత్రాల పంపిణీని 'స్వేచ్ఛా ప్రసంగ మండలాలు' అనే చిన్న స్థలాలకు పరిమితం చేశాయి. 2014లో వర్జీనియా, 2015లో మిస్సోరి ఇటువంటి మండలాలను నిషేధిస్తూ చట్టాలు చేశాయి. ఆ తరువాత మరెన్నో రాష్ట్రాలు ఇదే మార్గంలో నడిచాయి.

ఇటువంటి చట్టాల అవసరాన్ని జార్జియా రాష్ట్రంలోని ఒక వివాదం తెలియజేస్తుంది. 2016లో జార్జియా గ్విన్నెట్ కళాశాలలో ఒక విద్యార్థి తన మతవిశ్వాసం గురించి మాట్లాడుతుండగా అధికారులు ఆపివేశారు. అనుమతి తీసుకొని, నిర్ణీత మండలంలో మాట్లాడినపుడు కూడా అడ్డుకున్నారు. దావా వేసిన తరువాత కళాశాల తన నియమాలను మార్చుకొంది. దానితో వివాదం ముగిసిపోయిందని క్రింది న్యాయస్థానాలు కేసును కొట్టివేశాయి. నామమాత్రపు నష్టపరిహారం కోరినా దావా నిలుస్తుందని 2021లో సుప్రీంకోర్టు 8-1 ఆధిక్యతతో తీర్పు ఇచ్చింది. అప్పటికి ఆ విద్యార్థి చదువు పూర్తయింది.

పరిమితులు

ఈ స్వేచ్ఛ అపరిమితం కాదు. నిజమైన బెదిరింపులకు, తక్షణ హింసకు పురికొల్పే మాటలకు రక్షణ లేదు. తరగతులకు భంగం కలుగకుండా సమయం, స్థలం, పద్ధతులపై కళాశాల నియమాలు విధించవచ్చు. అయితే అవి అన్ని అభిప్రాయాలకు సమానంగా వర్తించాలి.

శాసనసభ ఇచ్చిన రక్షణను శాసనసభే కుదించవచ్చు. 2019లో ప్రాంగణాల బహిరంగ స్థలాలను అందరి ప్రసంగాలకు తెరచిన టెక్సాస్, 2025లో రాత్రి 10 నుండి ఉదయం 8 గంటల వరకు భావప్రకటనను నిషేధించింది. అదే సంవత్సరం అక్టోబరులో ఒక ఫెడరల్ న్యాయమూర్తి, మొదటి సవరణను ఆధారం చేసుకొని, టెక్సాస్ విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఈ నిషేధం అమలును తాత్కాలికంగా నిలిపివేశారు.

ఇవి కూడా చూడండి

* అమెరికా రాజ్యాంగం
* భారత రాజ్యాంగం - ప్రాథమిక హక్కులు