ఎరువు పుస్తకము – ఈ-రీడరుల చరిత్రము

పరుల చేతికిఁ బోయిన పుస్తకము పోయినట్లేయని మన పూర్వులు తలఁచిరి. తాళపత్రగ్రంథ మొకటి వ్రాయుటకు నెలలు పట్టిన కాలమున ఆ భయము సహజమే. ఐరోపాఖండమునను స్థితి యిట్టిదే. ఇంగ్లాండులోని హెర్‌ఫర్డు ప్రధాన దేవాలయమున గ్రంథములను ఇనుప గొలుసులతో బీరువాలకు బంధించి యుంచిరి. ఆ గొలుసుల గ్రంథాలయమును నేఁటికిని చూడవచ్చును. చదువఁగోరినవాఁడు పుస్తకమున్న చోటికిఁ బోవలెనే కాని పుస్తకము వాని యింటికి వచ్చెడిది కాదు.

ఈ గొలుసులను విప్పుటయే గ్రంథాలయముల చరిత్రము. 1731వ సంవత్సరమున ఫిలడెల్ఫియా నగరములో బెంజమిను ఫ్రాంక్లిను తన మిత్రులతోఁ గూడి చందాలు వేసికొని యొక పుస్తకసంఘమును స్థాపించెను. 1854లో బోస్టను పురగ్రంథాలయము తలుపులు తెఱచి పౌరులకు వెల లేకుండ పుస్తకములను అందించెను. తరువాత ఆండ్రూ కార్నెగీ యిచ్చిన ధనముతో రెండువేల ఐదువందలకుఁ బైగా గ్రంథాలయభవనములు లేచెను. మన దేశమున 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము వెలసినవి. స్థలములు వేఱు, కాలములు వేఱు, ఉద్దేశ మొక్కటియే. పుస్తకమును కొనలేనివాఁడును చదువవలెను.

ఇప్పుడీ పూర్వకథను స్మరించుటకుఁ గారణము గలదు. నేఁడు చదువరి యొక్కఁడు ఈ-రీడరును కొనఁదలఁచి యంగడికిఁ బోవును. తెర యెన్ని అంగుళములు, దీపము గలదా, నీటఁ బడిన చెడునా, వెల యెంత యని యడుగును. అడుగవలసినవే. కాని మొట్టమొదట నడుగవలసిన ప్రశ్న వేఱొకటి గలదని మా యభిప్రాయము: మా యూరి గ్రంథాలయము దీనికిఁ బుస్తకము నెరువీయఁగలదా? ఈ ప్రశ్న యేల యంత ముఖ్యమైనదో యీ యంత్రముల చరిత్రమే చెప్పును.

1971వ సంవత్సరము జూలై 4వ తేదిని ఇల్లినాయి విశ్వవిద్యాలయములో మైకేలు హార్టను యువకుఁడు అమెరికా స్వాతంత్ర్యప్రకటనమును కంప్యూటరులోని కెక్కించి, కోరినవారందఱికి లభించునట్లు చేసెను. గూటెన్‌బర్గు ప్రాజెక్టునకు అదియే పునాది. ఆ భాండారములో నేఁడు డెబ్బదివేలకుఁ బైఁబడిన గ్రంథములు గలవు. హక్కుల గడువు తీఱిన వగుటచే వానిని ఎవ్వరైనను ఉచితముగాఁ దీసికొనవచ్చును. ఈ-పుస్తకము పుట్టినది అంగడికొఱకుఁ గాదు, పంచిపెట్టుటకొఱకేయని మన చదువరులు గుర్తుంచుకొనవలెను.

చదువుటకుఁ దగిన యంత్రము మాత్రము చాలకాలము లభింపలేదు. 1998లో రాకెట్ ఈ-బుక్, సాఫ్ట్‌బుక్ అనునవి అమెరికాలో విక్రయమునకు వచ్చెను గాని, వెలిఁగెడు తెరలపై గంటలతరబడి చదువుట కన్నులకుఁ గష్టమాయెను. మసాచుసెట్సు సాంకేతికసంస్థలో పుట్టిన యొక యాలోచన ఈ కష్టమును తీర్చినది. 1997లో నెలకొన్న ఈ-ఇంక్ సంస్థవారు వెండ్రుకమందమున కించుమించుగా నుండెడి సూక్ష్మమైన గుళికలలో తెల్లని రేణువులను నల్లని రేణువులను నింపి, వానికి వ్యతిరేక విద్యుత్తుల నొసఁగిరి. తెరవెనుక విద్యుత్తును మార్చినచో నొకచోఁ దెల్లనివి, వేఱొకచో నల్లనివి పైకి వచ్చి అక్షరములుగా నిలుచును. ఆ తెరకు స్వయముగా వెలుఁగు లేదు. కాగితమువలెనే బయటి వెలుఁగున నది కనఁబడును. పుట త్రిప్పునప్పుడు మాత్రమే విద్యుత్తు వ్యయమగును గనుక ఒకసారి యెక్కించిన విద్యుత్తు వారములు నిలుచును.

ఈ తెరతో మొదటి యంత్రమును 2004లో సోనీ సంస్థవారు జపానునందు లిబ్రియే యను పేరున విక్రయించిరి. యంత్రము మంచిదే. కాని దానికై కొన్న పుస్తకములు అఱువది దినములకుఁ దమంతఁ దామే చదువుటకు వీలులేకుండఁ బోవుచుండెను. వెల యిచ్చినవానికిని పుస్తకము స్వంతము కాలేదు. జపానులోని పాఠకులు దీని నాదరింపలేదన్న నాశ్చర్యమేమి? పుస్తకమునకు గొలుసు మరలఁ దగిలినది. ఈసారి యది కంటికిఁ గనఁబడని గొలుసు.

2006లో సోనీవారు అమెరికాలో నింకొక రీడరును విడిచిరి. 2007 నవంబరు 19వ తేదిని అమెజాను సంస్థ 399 డాలర్ల వెలకుఁ గిండిలును ప్రకటించెను. సరకంతయు అయిదున్నర గంటలలో నమ్ముడుపోయెను. ఆ యేఁడే అంతర్జాతీయ సంఘ మొకటి ఈపబ్ అను సార్వజనిక రూపమును స్థిరపఱచెను. సోనీవారు 2008లో ఆ రూపమును స్వీకరించిరి. అమెజానువారు తమ స్వంత రూపమునే పట్టుకొనిరి. ఒకరి తాళమునకు వేఱొకరి చెవి పట్టదు. యంత్రమును కొన్నవాఁడు తెలియకయే యొక యంగడిని గూడ కొనుచుండెను.

గ్రంథాలయములు మాత్ర మూరకుండలేదు. 2003లో క్లీవ్‌లాండు పురగ్రంథాలయము ఓవర్‌డ్రైవ్ సంస్థ సాయముతో తన సభ్యులకు ఈ-పుస్తకముల నెరువిచ్చుట కారంభించెను. ఆ పద్ధతి నేఁటికిని ప్రధానముగా నట్లే యున్నది. గ్రంథాలయము ఎన్ని ప్రతులకు హక్కు పొందునో అందఱికే యొకమాఱు పుస్తకము దొరకును; మిగిలినవారు వరుసలో వేచియుండవలెను. రెండు మూఁడు వారముల గడువు ముగిసిన తోడనే పుస్తకము తనంతఁ దానే మూసికొనును. ఆలస్యపు జరిమానా లేదు, చినిఁగిన పుట లేదు. మంచము దిగలేని వృద్ధుఁడు అక్షరములను పెద్దవి చేసికొని చదువుకొనవచ్చును. ఈ సౌఖ్యమును మేము తక్కువగాఁ జెప్పఁజాలము.

కిండిలు గలవారి కీ ద్వారము 2011 సెప్టెంబరులో తెఱవఁబడినది. అదియు అమెరికా గ్రంథాలయములకే. అంతవఱకు నాలుగేండ్లపాటు అమెరికాలో నత్యధిక ప్రసిద్ధి పొందిన యంత్రము పురగ్రంథాలయమునకుఁ బరాయిదై యుండెను.

ఇఁక చట్టము మాట. మన భాషలో బదులనఁగా నొకటి, ఎరువనఁగా నొకటి. బదులు తెచ్చిన బియ్యమునకు వేఱు బియ్యము నీయవచ్చును. ఎరువు తెచ్చిన నగకు ఆ నగనే యీయవలెను. అచ్చుపుస్తకము నగవంటిది. దానిని కొన్న గ్రంథాలయము ఎవరి యనుమతియు లేకుండ నెరువీయవచ్చును. 1908లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఒక నవలను డాలరుకంటెఁ దక్కువకు అమ్మరాదని ప్రకాశకులు అచ్చొత్తిన షరతును త్రోసివేసి, ఒకసారి యమ్మిన ప్రతిపై వారి యధికారము చెల్లదని తీర్పు చెప్పెను. గ్రంథాలయముల స్వాతంత్ర్యమునకు ఈ సూత్రమే వెన్నెముక. ఈ-పుస్తకము అమ్మఁబడదు; అనుమతి మాత్రమే యీయఁబడును. అనుమతి యిచ్చువాఁడు దాని షరతులను తన యిష్టము వచ్చినట్లు వ్రాయును.

ఆ షరతులెట్టివో చూడుఁడు. 2011లో హార్పర్‌కాలిన్సువారు తమ ఈ-పుస్తకమును 26 మాఱు లెరువిచ్చినతోడనే గ్రంథాలయము మరల కొనవలెనని విధించిరి. 2018లో పెంగ్విను రాండం హౌసువారు గ్రంథాలయముల యనుమతిని రెండేండ్లకుఁ బరిమితము చేసిరి. 2019 నవంబరులో మాక్మిలనువారు, క్రొత్త పుస్తకము వెలువడిన మొదటి యెనిమిది వారములలో ఎంత పెద్ద గ్రంథాలయమైనను ఒక్క ప్రతినే కొనవలెనని శాసించిరి. లక్షలకొలఁది జనులున్న నగరమునకు నొక్క ప్రతి! గ్రంథాలయములు గట్టిగా నెదిర్చినవి. కొన్ని ఆ సంస్థ ఈ-పుస్తకములను కొనుట మానినవి. 2020 మార్చిలో ఆ నిర్బంధము తొలఁగెను.

ప్రకాశకుల పక్షమునను న్యాయము గలదని మే మంగీకరింతుము. అచ్చుపుస్తకము నలుగును, అట్ట యూడును, కొంతకాలమునకు మరల కొనవలసి వచ్చును, ఈ-పుస్తకము నలుగదు. ఇంటిలోఁ గూర్చుండియే ఉచితముగాఁ దెచ్చుకొనఁగల్గిన కొనువారుండరని వారి భయము. రచయితకుఁ గూడు లేనిచో రచన యుండదు. 2020 మార్చిలో ఇంటర్నెట్ ఆర్కైవువారు మహమ్మారి కాలమున ఒక ప్రతి కొక పాఠకుఁడను తమ నియమమును సడలించి గ్రంథముల నిచ్చిరి. నలుగురు ప్రకాశకులు వారిపై వ్యాజ్యము తెచ్చిరి. 2023లోను, అప్పీలుమీఁద 2024 సెప్టెంబరులోను తీర్పు ప్రకాశకులకే యనుకూలమాయెను. దీనికి భిన్నముగా ఐరోపా న్యాయస్థానము 2016 నవంబరులో, ఒక ప్రతి కొక పాఠకుఁడను నియమమున ఈ-పుస్తకమును ఎరువిచ్చుటయు అచ్చుపుస్తకమును ఎరువిచ్చుటవంటిదే కావచ్చుననియు, దానికి రచయితకుఁ బ్రతిఫలము ముట్టవలెననియు నిర్ణయించెను. ఈ మార్గమే న్యాయమైనదని మాకుఁ దోఁచుచున్నది. రచయితకు సొమ్ము, పాఠకునకుఁ జదువు. రెంటి నడుమ గ్రంథాలయము. దీనిలో నెవ్వరికి నష్టము?

యంత్రము మన చేతిలో నున్నను తాళము వేఱొకరి చేతిలో నున్నదనుటకు రెండు నిదర్శనములు చాలును. 2009 జూలైలో అమెజానువారు, తగిన హక్కు లేనివాఁ డమ్మినదని చెప్పి, జార్జి ఆర్వెలు నవలలను కొన్నవారి కిండిలులనుండియే వారి కెఱుక లేకుండఁ దుడిచివేసిరి; సొమ్ము తిరిగి యిచ్చి, తరువాత క్షమాపణయుఁ జెప్పిరి. 2014 అక్టోబరులో, గ్రంథాలయపుస్తకములను తెఱచుటకు వాడఁబడు అడోబీ సంస్థ ఉపకరణము చదువరు లేమి చదువుచున్నారో యా సమాచారమును ఎట్టి మఱుఁగును లేకుండఁ దన సంస్థకుఁ బంపుచున్నట్లు బయటపడెను. మనము చదివెడి పుస్తకము నొరులెఱుంగుట చిన్నవిషయము కాదు.

కావున కొనఁదలఁచినవారికి మేము చెప్పునది యిది. మొదట మీ గ్రంథాలయము దేనిద్వారా ఎరువిచ్చునో విచారింపుఁడు. పిదప నంగడికిఁ బొండు. అమెరికాలో నివసించు మన తెలుఁగువారు తమ ఊరి గ్రంథాలయపుఁ గార్డుతో, 2017లో వెలువడిన లిబ్బీద్వారా కిండిలునకుఁ బుస్తకమును తెప్పించుకొనవచ్చును. భారతదేశమున నా సౌకర్యము లేదు. కోబోవారు 2016 నుండి తమ రీడరులలోనే ఓవర్‌డ్రైవ్‌ను చేర్చుచు వచ్చిరి. ఈపబ్ రూపము వానికి సహజము. ఆండ్రాయిడుతో నడచు ఈ-ఇంక్ పలకలలో గ్రంథాలయముల అనువర్తనములనే వేసికొనవచ్చును. సంస్థలు శాశ్వతములు కావనియు మఱవరాదు: సోనీవారు 2014లో అమెరికాలోని తమ పుస్తకపుటంగడిని మూసి, కొనుగోలుదార్లను కోబోవారి కప్పగించిరి.

తెలుఁగు చదువరి మఱి రెండు సంగతులను విచారింపవలెను. 2016 డిసెంబరులో అమెజానువారు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను నైదు భాషల పుస్తకములకుఁ గిండిలునందు స్థానము కల్పించిరి. తెలుఁగు ఆ పట్టికలో లేదు. కాఁబట్టి యంత్రమును కొనుటకు ముందు తెలుఁగు పుట నొకదానిని తెఱపించి, వత్తులు, గుణింతములు చక్కఁగా నిలుచుచున్నవో లేవో కన్నులారఁ జూడవలెను. రెండవది: చిత్తూరు మండలమునఁ బుట్టిన రాజిరెడ్డిగారు కార్నెగీ మెలను విశ్వవిద్యాలయమునుండి నడపిన పదిలక్షల గ్రంథముల ప్రయత్నమున మన ప్రాచీన తెలుఁగు ముద్రణము లనేకము పుటచిత్రములుగా భద్రపఱపఁబడినవి. పుటచిత్రములోని యక్షరమును పెద్దది చేయవలెనన్న పుట పక్కకు జరుగును. ఆఱంగుళముల తెరపై దానిని జదువుట ప్రయాస. అట్టి గ్రంథములను ముఖ్యముగాఁ జదువఁగోరువారు పదియంగుళముల తెరను కొనుట మేలు.

ఇవి వ్యక్తులు చేయవలసినవి. సంఘము చేయవలసినది వేఱు గలదు. మన గ్రంథాలయములకై యింటిపన్నుతోఁ బాటు గ్రంథాలయపు సెస్సును మనము చెల్లించుచున్నాము. ఆ సొమ్ముతో తెలుఁగు ఈ-పుస్తకములను రచయితకుఁ బ్రతిఫలమిచ్చి సంపాదించి, ఏ యంత్రమునైనను తెఱవఁగల రూపమున పల్లెలోని బాలునకును ఎరువీయుఁడని మనము కోరుట యాచన కాదు. గ్రంథాలయసభలలో దీని నడిగిన వారెందఱు? ఆంధ్రదేశమున పడవలమీఁద పుస్తకములను పంపి కాలువగట్ల గ్రామములకుఁ జదువును చేర్చినవారి సంతతి మనము. పడవకుఁ గాలువ కావలెను. ఈ-పుస్తకమునకు నిబంధన కావలెను. ఆ నిబంధనను వ్రాయించుకొనుట మన పని. మొదటి మెట్టుగా, ఈ వ్యాసమును చదివినవారు తమ గ్రంథాలయాధికారిని కలిసి, మా కీ-పుస్తకముల నెప్పు డెరువిత్తురని యొక్కమాఱడిగిరేని మా శ్రమ ఫలించినట్లు తలఁతుము.