ఇంట్లో దొంగ పడితే

1834లో మన మద్రాసులోనే ఓడ దిగాడు మెకాలే. ఆయన కమిషన్ 1837లో రాసిన శిక్షాస్మృతి చిత్తు, 1862లో గానీ అమలుకు రాలేదు. బందిపోట్లు దోచుకున్నా ఈ దేశపు జనం ఊరుకుంటారని, వాళ్ళకి తెగువ రావాలని ఆ చిత్తు వివరణలో ఉంది. ఆ మాట నాకు నచ్చలేదు, కానీ హక్కు మంచిదే.

రాత్రిపూట తాళం పగలగొట్టి ఇంట్లో చొరబడేవాణ్ణి అడ్డుకునేటప్పుడు వాడి ప్రాణం పోయినా నేరం కాదని 103వ సెక్షన్ చెప్పింది. 99వ సెక్షన్ దానికి హద్దు: అవసరానికి మించి కొట్టకూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో ఇవే 41, 37 సెక్షన్లు.

దొరికిన దొంగని స్తంభానికి కట్టేసి తలో దెబ్బా వేస్తుంటారు కదా, అది ఆత్మరక్షణలోకి రాదు. అప్పుడు కొట్టినవాళ్ళే ముద్దాయిలు.