అద్దరికి దాటుట



గ్రీకు భాషలో "దియాపెరావో" అను క్రియ కలదు. "దియా" అనగా గుండా, "పెరాన్" అనగా అద్దరి. నడుమనున్న దానిగుండా సాగి అద్దరి చేరుటయే దాని యర్థము. క్రొత్త నిబంధనలో ఈ మాట ఆరు తావులందు మాత్రమే యున్నది. వానిలో అయిదు జలప్రయాణములను గూర్చినవి. ప్రభువు దోనెలో దాటి తన పట్టణమునకు వచ్చెను (మత్తయి 9:1). ఆయన దాటి వచ్చినప్పుడే యాయీరు తన కుమార్తెకొరకు ఆయనను వేడుకొనెను (మార్కు 5:21-23). పతరలో పౌలునకు దొరకిన ఓడయు ఫేనీకేకు దాటబోవుచుండెను (అపొ. కా. 21:2).

క్రీస్తునకు పూర్వము ధర్మశాస్త్రమును గ్రీకులోనికి మార్చిన యూదులు ద్వితీయోపదేశకాండము 30:13లో ఈ క్రియనే వాడిరి. దేవుని ఆజ్ఞను తెచ్చుటకు ఎవరును సముద్రము దాటనక్కర లేదనియు, అది మన నోటను హృదయమునను ఉన్నదనియు అచ్చటి బోధ.

మన కూలిజనుల చరిత్ర దీనికి సాక్ష్యము. మద్రాసునుండి నేటాలునకు ఒప్పంద కూలీల ప్రయాణములు 1860లో ఆరంభమై 1911లో ముగిసెను. తెలుగు బాప్తిస్టు సంఘములు పంపగా జాన్ రంగయ్యగారు 1903లో నెల్లూరు సీమనుండి అచ్చటికి వెళ్లిరి. ఆ యేడే కీర్స్నీ తేయాకు తోటయొద్ద సంఘము స్థాపింపబడెను. అయితే బోధకుడు రాకమునుపే అచ్చట విశ్వాసులుండిరి. కూలివారు వాక్యమును తమ హృదయములలోనే దాటించిరి.

ఇక ఆరవ తావు లూకా 16:26. అచ్చట సముద్రము లేదు, దోనెయు లేదు. ధనవంతునికిని లాజరునకును నడుమ మహా అగాధమున్నది. దానిని ఎవరును దాటజాలరు. గమనింపుడి: వారు బ్రదికియున్నప్పుడు వారి నడుమ ఒక వాకిలి మాత్రమే యుండెను. నాలుగడుగులు వేసిన ధనవంతుడు దానిని దాటగలిగియుండెను. అతడు దాటని వాకిలియే అగాధమాయెను.

బహ్రెయిను అనగా రెండు సముద్రములు. ఇచ్చటినుండి సౌదీ అరేబియాకు సముద్రముమీద వేసిన మార్గము 1986లో తెరవబడెను. సముద్రమునకు వంతెన కట్టవచ్చును. ఆ అగాధమునకు వంతెన లేదు.

1984లో నెలకొల్పబడిన ఈ హమద్ టౌనులో నివసించు మనమందరము సముద్రము దాటి వచ్చినవారమే. ప్రక్క గదిలో జ్వరముతో పడియున్నవాడు, జీతము రాక ఇంటికి పైక మంపలేనివాడు మన వాకిటి లాజరు కాడా? వాకిలి వాకిలిగా నుండగానే దాటుదము.