క్యాంపు

క్యాంపు: ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చి, సందర్భాన్ని బట్టి దండు, మకాం, ఊరు, శిబిరం, చివరికి ఇల్లు అనే అర్థాల్లోనూ చెల్లుతున్న మాట. మైదానమనే అర్థమున్న లాటిన్ 'కాంపస్' దీని మూలం. కాలేజీ క్యాంపస్ దీనికి తోబుట్టువు.

తమిళనాడు తేని జిల్లా కంబం బస్టాండులో కండక్టర్లు "లోయర్ క్యాంప్, లోయర్ క్యాంప్" అని కేకేస్తుంటారు. గూడలూరు దాటాక కొండ కిందున్న ఊరి పేరది. బ్రిటిష్ ఇంజినీరు పెన్నీకుయిక్ కట్టించిన ముల్లపెరియార్ ఆనకట్ట 1895లో పూర్తయింది. దాని పనివాళ్ళు వెళ్ళిపోయినా వాళ్ళ మకాం పేరు ఊరికి మిగిలింది. కొండ తొలిచి మళ్ళించిన పెరియార్ నీటితో ఇప్పుడక్కడ కరెంటు తీస్తున్నారు. కంబానికీ క్యాంపుకీ ఉన్నది ధ్వని పోలికే, చుట్టరికం కాదు.

నిజానికి ఆ సీమకు ఈ భావం పాతదే. తెలుగులో పాళెం అన్నా దండు విడిసిన చోటే. 16వ శతాబ్దంలో మదురై నాయకరాజు విశ్వనాథుడు రాజ్యాన్ని 72 పాళెపట్లుగా పంచాడని ప్రసిద్ధి. కంబానికి దగ్గర్లోని బోడినాయకనూరు పాళెగాళ్ళు తెలుగు మాట్లాడే తొట్టియ నాయకులు. ఇంగ్లీషు క్యాంపు వచ్చేసరికే తెలుగువాళ్ళ పాళేలు అక్కడ ఊళ్ళయి స్థిరపడ్డాయి.

20వ శతాబ్దంలో అదే కథ కాలవల కింద నడిచింది. నిజాంసాగర్ కింద బోధన్, వర్ణి వైపూ, తుంగభద్ర ఎడమ కాలవ కింద గంగావతి, సింధనూరు తాలూకాల్లోనూ కోస్తా రైతులు భూములు కొని గుడిసెలు వేసుకున్నారు. గుడిసెల చోట మేడలు లేచాయి, రైసుమిల్లులు వచ్చాయి. అయినా ఆ ఊళ్ళ పేరు క్యాంపే.

ఆఫీసుల్లో దీని తీరు వేరు. "సారు క్యాంపులో ఉన్నారు" అంటే ఊళ్ళో లేరని. "క్యాంపు ఆఫీసులో ఉన్నారు" అంటే ఇంటి దగ్గరే ఉన్నారని. లేకపోవడానికీ ఉండటానికీ ఒకే మాట వాడటం సర్కారుకే చెల్లింది!

రాజకీయాల్లో క్యాంపంటే ఎమ్మెల్యేలను ఎదుటి పక్షానికి అందకుండా దాచడం. 1984 ఆగస్టులో ముఖ్యమంత్రి గద్దె కోల్పోయిన ఎన్.టి. రామారావు తన ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించారు. 1995లో ఆయనపైనే తిరుగుబాటు జరిగినప్పుడు హైదరాబాదు వైస్రాయ్ హోటలే క్యాంపు. ఇప్పుడు మండలాధ్యక్ష పదవికీ క్యాంపులు తప్పడం లేదు.

వైద్యంలో మాత్రం శిబిరం ఇంకా పోటీలో ఉంది, కాగితం మీద. ఆటో మైకు "ఉచిత నేత్ర వైద్య శిబిరం" అని ఎంత స్పష్టంగా చదివినా, విన్నవాళ్ళు ఇంటికెళ్ళి చెప్పేది "కంటి క్యాంపు పెట్టారంట" అనే.